బొబ్బర్ల అన్నం

జ్వరం తగ్గిన మనిషికి రోజుల తరబడి ఉత్త గంజే పోస్తుంటే బలం ఎక్కడినుంచి వస్తుంది? చర్ల, దుమ్ముగూడెం నుంచి వచ్చిన మీకు బొబ్బర్లు కొత్త కాదు. ఆ గింజ పుట్టిల్లు ఆఫ్రికా. ఘనా దేశంవారు నేటికీ దాన్ని బియ్యంతో కలిపి వండుకొని ‘వాచే’ అంటారు. రంగు కోసం ఎండిన జొన్నాకు వేస్తారు, మనకది అక్కరలేదు.

ఒక గ్లాసు బొబ్బర్లు రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. ముందు గింజ మెత్తగా ఉడకాలి, ఆ తర్వాతే రెండు గ్లాసుల బియ్యం. అన్నీ ఒకేసారి వేస్తే అన్నం ముద్దవుతుంది, గింజ మాత్రం పలుకుగానే ఉంటుంది, రోగికి అరగదు. బియ్యంలో కొరవడిన మాంసకృత్తులను ఈ గింజ పూరిస్తుంది. నిమ్మకాయ పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ ఇవ్వకండి. కిడ్నీ జబ్బు ఉన్నవారికైతే డాక్టరుగారిని అడిగాకే పెట్టండి.