కుండ నేర్పిన లెక్క

(నరసరావుపేటలో జరిగిన మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై యేళ్లు థర్మల్ స్టేషన్లలో పనిచేసినవాణ్ణి. కంప్యూటరు నాకు కొత్తేగాని, వేడీ నీరూ కొత్తవి కావు.

మొన్న వేసవి సెలవులకు మనవడు తన కంప్యూటరు తెచ్చాడు. లోపల సన్నని గొట్టాలు, చిన్న పంపు, రేడియేటరు ఉన్నాయి. "ఫ్యానుతో పోయేదానికి ఇంత హంగామా ఎందుకురా?" అన్నాను. "గాలికంటే నీరు వేడిని బాగా మోస్తుంది తాతయ్యా" అన్నాడు. నిజమే. బరువుకు బరువు చూస్తే నాలుగు రెట్లు మోస్తుంది. కాని మోస్తుందేగాని మాయం చేయదు. చివరకు ఆ వేడిని గది గాలికే అప్పగించాలి. మే నెలలో గది 40 డిగ్రీలుంటే గొట్టంలో నీరు అంతకంటే చల్లబడదు. పైగా పంపు ఆగినా, గొట్టం కారినా యంత్రానికే ముప్పు.

ఇంకా చల్లబరచాలంటే ముఖ్యంగా రెండు దారులు. ఒకటి ఏసీలాంటి కంప్రెసరు. దానికి కరెంటు ఖర్చు. రెండోది మన మట్టికుండ దారి, అంటే నీటిని ఆవిరి కానివ్వడం. లీటరు నీరు పది డిగ్రీలు వేడెక్కితే 10 కిలోకేలరీలే పట్టుకుంటుంది. అదే లీటరు ఆవిరైతే సుమారు 580 తీసుకుపోతుంది. మా కూలింగ్ టవర్లు చేసే పని ఇదే. కరెంటు ఆదా అవుతుంది, కాని పోయిన నీరు తిరిగిరాదు. మిగిలిన నీటిలో ఉప్పులు చిక్కబడి, బోరునీళ్లు కాచిన గిన్నెకు పట్టినట్టు గొట్టాలకు తెల్లపొర పడుతుంది. అందుకని కొంత నీరు పారబోసి కొత్తనీరు పోస్తూండాలి.

ఇందులో ఒక చిక్కుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఆవిరి అంత బాగా చల్లబరుస్తుంది. ఆ లెక్కన మండు వేసవిలో మన రెంటచింతలను మించిన చోటు లేదు. కాని అప్పుడే అక్కడ నీటికి కటకట!

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో గిగావాటు స్థాయి డేటా సెంటరు కడతామని ప్రకటించింది. గిగావాటంటే మన పాత 210 మెగావాట్ల యూనిట్లు దాదాపు ఐదు. కంప్యూటర్లు తిన్న కరెంటంతా చివరకు వేడే. అంత వేడిని ఆవిరితోనే తీయాలంటే, కాగితంమీద నేను వేసిన లెక్కకు గంటకు దాదాపు 15 లక్షల లీటర్లు తేలింది. అక్కడ ఏ పద్ధతి పెడతారన్నది వేరే సంగతి. నీరు తగ్గిస్తే కరెంటు పెరుగుతుంది, కరెంటు తగ్గిస్తే నీరు పెరుగుతుంది. రెండూ ఉచితంగా రావు.

చిన్నప్పుడు మా ఇంట్లో కుండనీళ్లు చల్లగా ఉండేవి. రాత్రికి కొంత తగ్గేవి. తెల్లవారి ఆ తగ్గిన నీళ్లను మా అమ్మ బావినుంచి బిందెతో మోసి నింపేది. చల్లదనం మేమందరం తాగాం, బరువు ఆవిడ మోసింది.

మన పిల్లల్లో చాలామంది కంప్యూటరు రంగంలో ఉన్నారు. వారికి నా మనవి ఒక్కటే. ఎక్కడ యంత్రం పెట్టినా ఎన్ని యూనిట్లని అడిగినట్టే ఎన్ని లీటర్లనీ అడగండి. ఏడాది సగటు చెబితే ఒప్పుకోకండి, మే నెల లెక్క అడగండి. ఆ బిందె ఎవరు మోస్తున్నారో అప్పుడు తెలుస్తుంది.