దీపముండగనే
(మాదాపూరునందలి యొక పఠనమందిరమున, మృగశిరకార్తెకు ముందు, ఒక న్యాయవాది చేసిన ప్రసంగము)



దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పిరి. ఆ మాట యొక్క యర్థము నాకు 2020 అక్టోబరు 13వ తేది రాత్రి తెలిసినది. ఆనాడు ఘటకేసరు ప్రాంతమున 30 సెంటీమీటర్లకు మించి వాన కురిసెను. నగరమున చెరువులు పొంగి కాలనీలకు కాలనీలే మునిగెను. పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి.

1998లో సైబర్ టవర్స్ వెలసిన పిదప ఈ బండరాళ్ల నేలపై మేడలు లేచినవి. వీని యన్నిటికిని ఊపిరి విద్యుత్తే. ఆ రాత్రి మా భవనమున సెల్లారు నిండెను, దీపములారెను, లిఫ్టు నిలిచెను, నీరెక్కించు మోటారు మునిగెను. మరునాటి మధ్యాహ్నమునకు ఎనిమిదవ అంతస్తులో త్రాగుటకు చుక్క నీరు లేదు. కిటికీ బయట జగమంతయు నీరే! సెల్‌ఫోను చల్లారెను, దానితో కొనుగోలు చేయు శక్తియు పోయెను. అప్పుడు బిందె నెత్తుకొని మెట్లెక్కి వచ్చినదెవరు? మా వాచ్‌మన్ భార్య. సెల్లారులోని వారి గది యప్పటికే మునిగియున్నది. సర్వము పోయినవారు సర్వముగల మాకు నీళ్లు మోసిరి. ఆ సిగ్గు నేటికిని నన్ను వీడలేదు.

ఇది యీ నగరమునకు క్రొత్త కష్టము కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని బలిగొన్నది. అఫ్జల్‌గంజి కడ, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి ఇంచుమించు 150 మంది బ్రతికిరి. పిదప 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు వెలసినవి. జలాశయములు కట్టుట, నాలాలు బాగుచేయుట ప్రభుత్వధర్మము; దానిని మనము అడుగక మానరాదు. కాని మొదటి మూడుదినములకు వంటింట మంచినీరుంచుట గృహస్థధర్మము. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు.

దీనికి పెద్దవ్యయ మక్కరలేదు. మనిషికి దినమునకు 3 లీటర్ల చొప్పున, నలుగురికి 3 దినములకు 36 లీటర్ల త్రాగునీరు డబ్బాలలో నుంచుడు. ప్రక్కనే మూతగల పెట్టె యొకటి. అందు పొయ్యితో పనిలేని అటుకులు, పేలాలు, పుట్నాలు, బెల్లము; టార్చి, విడి బ్యాటరీలు, అగ్గిపెట్టె, పవర్‌బ్యాంకు; వారమునకు సరిపడు నిత్యౌషధములు, ఓఆర్‌ఎస్ పొట్లములు; చిన్ననోట్లుగా కొంత రొక్కము; కాగితముపై వ్రాసిన బంధువుల నంబర్లు, వానితో 112. న్యాయవాదిగా మరియొకటి చెప్పుదును. ఆధారు, దస్తావేజులు, బీమాపత్రముల నకళ్లు నీరు చొరని సంచిలో భద్రపరచుడు. తడిసిన కాగితమునకై కార్యాలయముల చుట్టు తిరుగు కక్షిదారులను నేనెందరినో చూచితిని. ఏటేట మృగశిరకును దసరాకును పెట్టె విప్పి, పాతవి వాడి క్రొత్తవి నింపుడు.

ఇది పిరికితనమని కొందరందురు. కాదు. మేడపైనున్నవాడు మూడుదినములు తన్ను తాను పోషించుకొనగలిగిన, పడవయు స్వయంసేవకుడును ముందుగా పల్లపు బస్తీకి పోగలరు. కావున పెట్టె నింపునపుడు సెల్లారులో నివసించు కుటుంబముపాలు కూడ అందుంచుడు. వాన ముదిరిన రాత్రి వారిని పైకి పిలువుడు. నీరు మొదట చేరునది వారి గడపకే. నేటి రాత్రి యింట దీపము వెలుగుచున్నది. ఆ వెలుగుననే పెట్టె వెదకి తీయుడు.