తెర మీద ఉన్నది చదువుడు
(మెదకు జిల్లా కుల్చారమున పంచాయతీ సభ్యుల సమావేశములో ప్రచారాధికారి ప్రసంగము)



కాళిదాసు కావ్యములకు వ్యాఖ్యలు రచించిన మల్లినాథసూరి మీ కుల్చారము వాడని ప్రతీతి. మూలమునకు కట్టుబడి అర్థము చెప్పుట ఆయన నియమము. కంప్యూటరు నియమమును అదియే. మూలము తప్పైనచో అది చూపునదియు తప్పే.

ఈ సంగతి ప్రజలకు ఒక్కనాట తెలియలేదు. 1998లో రిజిస్ట్రేషను కార్యాలయములలో ప్రవేశించిన కంప్యూటరును అధికారి బల్లమీది వస్తువుగా చూచిరి. 2011లో మీసేవ వచ్చిన పిదప, రుసుము చెల్లించి పత్రము పొందు చోటుగా తలచిరి. 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభమైన పిమ్మట దాని బలము రైతునకు అనుభవములోనికి వచ్చినది. తాను దున్నుచున్న భూమియే అయినను, తెర మీద తన పేరు లేనిచో అమ్ముకొనుటకు వీలు లేకపోయెను. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానమున భూభారతి వచ్చినది. తప్పులు సవరించుకొనుటకును, అప్పీలు చేసికొనుటకును చట్టములో మార్గము గలదు.

కావున “కంప్యూటరులో అట్లే ఉన్నది” అను మాట విని రైతు వెనుదిరుగరాదు. అందు వ్రాసినవారు మనుష్యులే, దిద్దవలసినవారును మనుష్యులే. చదువురాని రైతు పత్రముతో మీ యొద్దకు వచ్చినచో పేరు, సర్వే నెంబరు, ఎకరములు, గుంటలు బిగ్గరగా చదివి వినిపింపుడు. పాత పాసుపుస్తకముతో సరిచూడుడు. తేడా కనిపించినచో దరఖాస్తు వ్రాయించి, రసీదు తీసికొనునట్లు చూడుడు.

చదివి అర్థము చెప్పుట మీ ఊరికి క్రొత్త విద్య కాదు గదా!