రజస్వల కాకముందే తెలియవలసిన సంగతి

తెలుగునాట ఆడపిల్ల రజస్వల అయినదంటే ఆ వార్త గడప లోపల ఆగదు. పేరంటాండ్రు వస్తారు, చిమ్మిలి దంచుతారు, పీటమీద కూర్చుండబెట్టి అక్షతలు వేస్తారు. ఊరంతటికీ తెలిసిన ఆ సంగతి ఎందువల్ల జరిగినదో తెలియనిది తరచు ఆ పిల్లకే.

ఇది ఒక్క తెలుగువారికే పరిమితమైనది కాదు. భారతదేశంలోని బాలికలపై జరిగిన 138 అధ్యయనాలను క్రోడీకరించిన సమీక్ష ఒకటి 2016లో వెలువడినది. తొలి ఋతుస్రావానికి ముందే దానిని గురించి విన్నవారు సుమారు సగంమంది మాత్రమేనని అందులో తేలినది. తక్కినవారికి ఆ రక్తం గాయమనో, జబ్బనో, తాము చేసిన తప్పనో తోచడంలో వింత ఏమున్నది?

చెప్పవలసినది నిజానికి పది నిమిషాల మాట. నెలనెలా గర్భాశయపు లోపలి పొర మందమై గర్భధారణకు సిద్ధపడుతుంది. గర్భం కలగనప్పుడు ఆ పొర విడివడి రక్తంతో వెలువడుతుంది. అది చెడురక్తం కాదు. మొదటి రెండు మూడేళ్లు నెలలు ముందువెనుకలు కావడం సహజం. స్రావం ఏడు రోజులు దాటినా, గుడ్డ గంటగంటకూ తడిసిపోతున్నా వైద్యులకు చూపవలసినదే. 15–19 ఏళ్ల యువతులలో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నదని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది గనుక ఈ హెచ్చరిక తేలికగా తీసుకొనదగినది కాదు.

గుడ్డ వాడడం సిగ్గుపడవలసిన పని కాదు. సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేసిన నూలుగుడ్డ మంచిదే. అయితే మగవారి కంట పడరాదని చీకటి మూలలో ఆరవేసి, సగం తడితోనే కట్టుకొంటే ఒరుపులూ దురదలూ కలుగుతాయి. తప్పు గుడ్డది కాదు, దాపరికానిది.

ఈ దాపరికం, అంటరానితనం చట్టంతో మాత్రమే పోవు. నేపాల్ పశ్చిమ ప్రాంతాలలో బహిష్టు స్త్రీలను గుడిసెలకు పంపే 'ఛౌపడి' ఆచారాన్ని ఆ దేశపు సుప్రీంకోర్టు 2005లోనే నిషేధించినది. 2017లో పార్లమెంటు దానిని నేరంగా ప్రకటించినది. అయినా 2019 జనవరిలో బాజురా జిల్లాలో అట్టి గుడిసెలో చలిమంట పొగకు ఊపిరాడక ఒక తల్లి, ఆమె ఇద్దరు బిడ్డలు మరణించారు.

తల్లికే ఎవరూ చెప్పనప్పుడు ఆమె కూతురికి ఏమి చెప్పగలదు? ఈ భారం బడి వహించక తప్పదు. ఎన్.సి.ఇ.ఆర్.టి. విజ్ఞానశాస్త్ర గ్రంథాలలో కౌమారదశ పాఠం చిరకాలం ఎనిమిదవ తరగతిలో ఉండేది. అప్పటికే ఎందరో బాలికలు రజస్వలలై ఉండేవారు. 2025లో వచ్చిన కొత్త గ్రంథంలో అది ఏడవ తరగతికి చేరినది. ఇక ఆ పుటలను ఇంట్లో చదువుకొండని దాటవేయక, మగపిల్లలను వెలుపలికి పంపక, ఉపాధ్యాయులు తరగతిలో పాఠం చెప్పడమే మిగిలి ఉన్నది.