పురుగుల బిళ్ళకు ఫండు డబ్బు ఇవ్వవచ్చునా?
(ధర్మపురి జనరల్ బాడీ సమావేశంలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



రింగ్ ఫ్రేమ్ ఖాతాలో మనతో పాతికేళ్ళు పనిచేసిన సోదరుడికి నోటి కేన్సరు. ఆపరేషను అయింది, కరెంటు పెట్టారు, సూదిమందు ఎక్కించారు. గడ్డ మళ్ళీ వచ్చింది. ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. ఆ మాట విన్న మనిషి ఊరికే ఎలా కూర్చుంటాడు? ఎవరో ఫోనులో వీడియో చూపించారు. పశువులకిచ్చే పురుగుల మందు, దానితో ఐవర్‌మెక్టిన్ మింగితే గడ్డ కరిగిపోతుందట. కోర్సుకు నలభై వేలు అడిగారు. ఆ డబ్బు సంక్షేమ నిధి నుంచి ఇప్పించమని ఆయన భార్య అర్జీ పెట్టింది. కమిటీ రెండుగా చీలింది కనుక మీ ముందుకు తెచ్చాను.

ఒక రోగం మందు ఇంకో రోగానికి పనికిరాదని కొందరు కమిటీలో వాదించారు. అది తప్పు. థాలిడొమైడ్ వల్ల వేలాది బిడ్డలు అవయవాలు సరిగా లేకుండా పుట్టారని 1961లో దాన్ని ఆపేశారు. అదే మందును 2006లో అమెరికాలో మైలోమా అనే ఎముక మజ్జ కేన్సరుకు అనుమతించారు.

మనకు దగ్గరి సంగతి ఇంకొకటుంది. మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధన నుంచి వచ్చిన మందు మెథోట్రెక్సేట్. దానికి కీళ్ళనొప్పుల బిళ్ళ సెలెకాక్సిబ్ కలిపి, నయంకాని తల, మెడ కేన్సరు రోగుల మీద ముంబయి టాటా ఆసుపత్రి పరీక్షించింది. 2020లో ఫలితం ప్రకటించారు. సిస్‌ప్లాటిన్ సూది వేసుకున్నవారిలో సగంమంది 6.1 నెలలు దాటి బతికితే, ఈ బిళ్ళలు మింగినవారిలో సగంమంది 7.5 నెలలు దాటారు. ఖర్చూ తక్కువ, బాధలూ తక్కువ. నెలన్నరేనా అంటారా? కూతురి పెళ్ళి ముహూర్తం పెట్టుకున్న ఇంట్లో అడగండి. అయితే ఈ మెథోట్రెక్సేట్ వారానికొకసారి మింగేది. తెలియక రోజూ మింగితే ప్రాణమే పోతుంది. డాక్టరు లేకుండా ముట్టరాదు.

మరి వీడియో మందు సంగతి? గాజు సీసాలో కేన్సరు కణాలు చచ్చాయట. సీసాలో కిరసనాయిలు పోసినా చస్తాయి. మనుషుల్లో కేన్సరు నయం చేసినట్టు రుజువు లేదు. ఆ పశువుల మందు మింగి కాలేయం చెడిన రోగులున్నారు. షుగరు బిళ్ళ మెట్‌ఫార్మిన్ మీద కూడా ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. 3,649 మంది రొమ్ము కేన్సరు రోగుల మీద పరీక్షిస్తే, రోగం తిరగబెట్టకుండా అది ఆపలేదని 2022లో తేలింది. కేన్సరు నయం చేస్తామని ప్రకటన చేయడమే 1954 చట్టం ప్రకారం నేరం.

కమిటీ తరఫున నా ప్రతిపాదన ఇది. బిళ్ళలకు నలభై వేలు వద్దు. చెన్నై అడయారు కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇద్దరికి బస్సు చార్జీలు, అక్కడ ఉండే ఖర్చు నిధి నుంచి ఇద్దాం. టాటా వారి బిళ్ళలు ఈయన ఒంటికి సరిపోతాయా, కొత్త మందు పరీక్షల్లో చేర్చుకుంటారా, నొప్పికి మార్ఫిన్ ఇస్తారా అని అడిగి రావాలి. ఇప్పటికే మింగిన బిళ్ళల అట్టలు కూడా తీసుకెళ్ళి చూపించాలి. దాచవద్దని, ఆయన్ను ఎవరూ తిట్టవద్దని నా మనవి. ఆ స్థితిలో నేనున్నా మింగేవాణ్ణేమో.

భాష తెలిసినవాడు, రాత్రి షిఫ్టు లేనివాడు ఒకడు తోడు వెళ్ళాలి. పేర్లు ఇవ్వండి. తర్వాత చేతులెత్తి ఓటు తీసుకుందాం.