డౌటు అంటే అనుమానమా, సందేహమా?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి నాకంటె బాగా తెలిసినవారు ఉదయం నుంచి మాట్లాడారు. పిల్లల కంప్యూటరు ఉద్యోగాలకు పనికొచ్చేది ఏదైనా పదిహేను నిమిషాలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నాకు ప్రోగ్రామింగు రాదు. ముప్పయి మూడేళ్లు అకౌంట్సు సెక్షన్లో నోట్లు, డ్రాఫ్టులు రాసినవాణ్ణి. అయితే ఆ పిల్లల కష్టానికీ మన డ్రాఫ్టులకూ ఒక చుట్టరికం ఉందని ఈ మధ్య నాకు బోధపడింది. అదే మనవి చేస్తాను.

ప్రోగ్రాము రాసేవాడు ఎక్కడో ఒకచోట చిక్కుపడక తప్పదు. పక్క సీట్లో తెలిసినవాడు ఉంటే అడుగుతాడు, లేకపోతే ఇంటర్నెట్‌లో అడుగుతాడు. ఇందుకోసమే 2008 లో జెఫ్ ఎట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ అనే ఇద్దరు అమెరికన్లు స్టాక్ ఓవర్‌ఫ్లో అనే చోటు ఏర్పాటు చేశారు. అడిగేది గుంటూరు కుర్రవాడు, జవాబు చెప్పేది ఫిన్లాండులోనో బ్రెజిల్‌లోనో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషి. ఆయనకు జీతం లేదు, టి.ఎ. లేదు, ఆనరేరియమూ లేదు. తోచుబాటు కోసం, సరదా కోసం చెబుతాడు. ఇద్దరికీ మధ్య ఉన్నది ఇంగ్లీషు ఒక్కటే. ఏ ఇంగ్లీషు అన్నదే పేచీ.

మనవాడు "ఐ హావ్ ఎ డౌట్" అని మొదలుపెడతాడు. మనకు ఇందులో తప్పేమీ కనబడదు. క్లాసులో మేష్టారు "డౌట్లుంటే అడగండిరా" అనేవారు కదా! తెలుగులో మనకు సందేహం వేరు, అనుమానం వేరు. సందేహం గురువుగారిని అడిగేది, అనుమానం దొంగమీద వచ్చేది. ఇంగ్లండువాడికి, అమెరికావాడికి డౌటు అంటే ఈ రెండోదే ముందు తోస్తుంది. "నీ మాట నేను నమ్మడం లేదు" అన్నట్టు వినబడుతుంది. సాయం చేద్దామని వచ్చినవాడు, నేనింకా ఏమీ చెప్పకుండానే వీడికి నామీద నమ్మకం పోయిందేమిటని వెనక్కి తగ్గుతాడు. ఇది మన ఒక్కరి సంగతే కాదు లెండి. స్పానిష్ మాట్లాడేవాళ్లు కూడా ఏదైనా అడగాలంటే "నాకు ఒక దూదా ఉంది" అంటారు. దూదా డౌటుకు దగ్గరి చుట్టమే.

ఇప్పుడు "రివర్ట్" సంగతి. ఇది మా ఇంట్లోనే జరిగింది. మా పెద్ద మనవరాలికి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. అప్పటికి ఇంకా ప్రొబేషనులో ఉంది. నాలుగు రోజులు కూర్చుని రాసిన భాగాన్ని, టీము అంతా వాడుకునే ఉమ్మడి ప్రతిలో చేర్చింది. విదేశంలో ఉన్న సహోద్యోగికి "చూసి రివర్ట్ చేయగలరు" అని ఆన్‌లైన్‌లో రాసి పడుకుంది. మన ఆఫీసుల్లో రివర్ట్ అంటే తిరుగు జవాబివ్వడం. ప్రోగ్రామర్ల భాషలో చేసిన మార్పును రద్దుచేసి పాత స్థితికి తేవడం. అతను బుద్ధిగా రాత్రికి రాత్రే రద్దు చేసేశాడు! తెల్లవారేసరికి ఆమె పని ఉమ్మడి ప్రతిలో లేదు. ఆ వ్యవస్థలో పాత ప్రతులన్నీ భద్రంగా ఉంటాయి కాబట్టి పది నిమిషాల్లో మళ్లీ వచ్చింది. కాని ఈలోగా పైఅధికారి చూసింది పాతదాన్ని. నాలుగు రోజులు ఈ అమ్మాయి ఏంచేసినట్టు అని అడిగాడు. "తాతయ్యా, ఇక నేను ఎవర్నీ ఏమీ అడగను" అంది ఫోనులో. అన్నట్టే పదిహేను రోజులు ఎవర్నీ అడగకుండా, అర్ధరాత్రి దాకా ఒక్కతే తంటాలు పడింది. పని చెడడం కంటె నాకు బాధ కలిగించింది ఇది. అడగడం మానేసిన పిల్ల నేర్చుకోవడం మానేసినట్టే కదండీ.

ఆ విదేశీ అబ్బాయిని తప్పు పట్టలేం, మా అమ్మాయిని అంతకన్నా పట్టలేం. ఇద్దరూ వాళ్ల వాళ్ల పరిభాష ప్రకారం సరిగ్గానే నడుచుకున్నారు.

ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. బ్యాక్‌లాగ్ అంటే మనకు భర్తీకాని రిజర్వుడు పోస్టులు. ఇంజనీరింగు కాలేజీలో తప్పిన సబ్జెక్టులు. సాఫ్ట్‌వేరు కంపెనీలో ఇంకా చేయవలసిన పనుల జాబితా. "2022 లో పాస్ అవుట్ అయ్యాను" అంటే మనం డిగ్రీ వచ్చిందని సంతోషిస్తాం, అమెరికావాడు మూర్ఛపోయాడని కంగారుపడతాడు.

"కైండ్‌లీ డూ ద నీడ్‌ఫుల్" సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. చేతులెత్తమంటే ఈ హాల్లో అందరూ ఎత్తవలసి వస్తుంది. అది మనం సృష్టించినది కాదు. ఒకప్పుడు ఇంగ్లండులోనే వాడుకలో ఉండేది. అక్కడ పాతబడింది, మన ఫైళ్లలో నిలిచిపోయింది. ఇప్పుడు విదేశీయుడికి అది వింతగా తోస్తుంది. మోసపు ఈమెయిళ్లలో "కైండ్‌లీ" తరచు కనబడటంవల్ల, ఆ మాట చూస్తేనే కొందరు జాగ్రత్తపడుతున్నారు. అయినా మనది తప్పుడు ఇంగ్లీషని ఒప్పుకోవడానికి నేను సిద్ధంగా లేను. "ప్రీపోన్" అని మనం వాడే మాటను ఆక్స్‌ఫర్డ్ నిఘంటువే చేర్చుకుంది.

అసలు దొరలకు దొరలకే ఈ తిప్పలు తప్పలేదు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిషు, అమెరికన్ సేనాధికారులు ఒక కాగితాన్ని "టేబుల్" చేయాలా వద్దా అని చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. బ్రిటిషువారికి టేబుల్ చేయడమంటే వెంటనే చర్చకు పెట్టడం, అమెరికన్లకు పక్కన పెట్టేయడం. ఇద్దరూ కోరింది ఒకటేనని చివరకు తెలిసింది. అది నవ్వుకునే సంగతి. 1951 ఏప్రిల్‌లో కొరియాలో ఇమ్జిన్ నది దగ్గర జరిగింది నవ్వుకునేది కాదు. చైనా సేనలు విరుచుకుపడుతుంటే బ్రిటిషు బ్రిగేడియరు బ్రోడీ తన అమెరికన్ జనరల్‌తో "కాస్త ఇబ్బందిగా ఉంది" అన్నారట. మాట తగ్గించి చెప్పడం ఇంగ్లీషువారి అలవాటు. కాస్తేగదా అని జనరల్ అనుకున్నారని చెబుతారు. గ్లాస్టర్‌షైర్ రెజిమెంటు పటాలం చుట్టుముట్టబడి, అందులో ఎక్కువమంది బందీలయ్యారు.

పిల్లలకు ఏంచెప్పాలన్నది ఇక మిగిలింది. ఇంగ్లీషు మార్చుకోమంటే ఒక్కరోజులో అయ్యేది కాదు. మనకు తెలిసిన విద్య ఒకటుంది, అది నోటు రాయడం. ఎరిక్ రేమండ్ అనే అమెరికన్ ప్రోగ్రామరు ప్రశ్న ఎలా అడగాలో 2001 లో ఒక పెద్ద వ్యాసం రాశాడు. మనవరాలు చదివి వినిపిస్తే నాకు మా పాత సూపరింటెండెంటుగారు గుర్తొచ్చారు. ఊహలు వద్దు, జరిగింది జరిగిన వరుసలో చెప్పు అంటాడు ఆయన. దీనంగా బతిమాలినంత మాత్రాన నువ్వు ముందు చేయవలసిన పని చేసినట్టు కాదంటాడు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ప్రశ్నకు ముందు నమస్కారాలు, చివర కృతజ్ఞతలు ఉంటే తీసేసే ఆనవాయితీ ఉంది. "యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్" అని సంతకం పెట్టిన మనకిది మొరటుగా తోస్తుంది. నాకిప్పటికీ నచ్చలేదు.

మనవరాలి ప్రోగ్రాములో ఉద్యోగులు చేరిన తేదీ తప్పు వస్తోంది. ఆమె మొదట రాసుకున్న చిత్తు ఇది: "చేరిన తేదీ గురించి ఒక డౌటు. కోడ్స్ పనిచేయడం లేదు. అర్జెంటు. దయచేసి తగు చర్య తీసుకోగలరు." ఇద్దరం కూర్చుని తిరగరాశాం. ఏమిచ్చాను: 03/04/1985, అంటే 3 ఏప్రిల్. ఏమి రావాలి: 3 ఏప్రిల్. ఏమి వస్తోంది: 4 మార్చి. ఇంతవరకు ఏమి ప్రయత్నించాను, ఏ వెర్షను వాడుతున్నాను. మూడు వందల లైన్ల ప్రోగ్రాములో తప్పు కనబడే పది లైన్లు మాత్రం జతపరిచాం. తప్పు చూపే సందేశం ఏదైనా వస్తే దాన్ని ఆడిట్ అభ్యంతరంలాగ అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాయాలి, సొంత మాటల్లో చెప్పకూడదు. చివర ఒకే ఒక్క ప్రశ్న, మన భాషలో పాయింట్ ఫర్ ఆర్డర్స్.

సమాధానం అదేరోజు వచ్చింది. అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తరవాత. ఆ ప్రోగ్రాము అలాగే చదువుతోంది, రోజు ముందు అని దానికి చెప్పాలి. ఈ తగాదా లేకుండా 1988 లోనే ఐ.ఎస్.ఓ. 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ముందు సంవత్సరం, తరవాత నెల, ఆ తరవాత రోజు: 1985-04-03. పెన్షను లెక్కల్లో ఒక్క నెల తేడా వస్తే ఏమవుతుందో ఈ సభకు నేను చెప్పాలా!

ఇప్పుడు చాలామంది పిల్లలు మనుషుల్ని అడగడం మాని చాట్‌జీపీటీ వంటి యంత్రాన్ని అడుగుతున్నారు. దానికి డౌటు అన్నా కోపం రాదు, నీడ్‌ఫుల్ అన్నా నవ్వు రాదు. కాని 03/04 అని వదిలేస్తే అదీ ఏదో ఒకటి ఊహించుకుంటుంది. దానికీ నోటు సరిగ్గానే పెట్టాలి.

రెండో శనివారం లైఫ్ సర్టిఫికెట్ల పని అయ్యాక ఒక గంట సంఘం గదిలో కూర్చుంటాను. మీ మనవల ప్రశ్నల చిత్తుప్రతులు పట్టుకురండి. ప్రోగ్రాము సంగతి వాళ్లు చూసుకుంటారు, డ్రాఫ్టు మనం చూద్దాం. పాతకాలపు ఎర్రసిరా పెన్ను ఇంకా నా దగ్గరే ఉంది.