శవం మీదికి వంగిన తలలు
(తిరుపతిలో ఆదివాసీ యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కళ గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క బొమ్మ గురించే మాట్లాడతాను. చేసింది కేథె కోల్విట్జ్ అనే జర్మనీ ఆమె. ఆమె భర్త బెర్లిన్‌లో పేదల డాక్టరు. ఆయన దగ్గరికి వైద్యానికొచ్చే కూలి ఆడవాళ్ల బతుకులే ఆమె బొమ్మల్లోకి వచ్చాయి.

1919 జనవరి 15న కార్ల్ లీబ్‌నెహ్ట్ అనే కమ్యూనిస్టు నాయకుణ్ని సైనికులు కాల్చి చంపారు. పారిపోతుంటే కాల్చామన్నారు. ఈ మాట మనం కూడా విన్నదే కదా! ఆయన ఇంటివాళ్లు పిలిస్తే కోల్విట్జ్ శవాగారానికి పోయి ముఖం గీసుకొచ్చింది. ఆమె ఆ పార్టీ మనిషి కాదు. అయినా పోయింది.

ఆ బొమ్మ ఆమెకు ఒక పట్టాన కుదరలేదు. రాగి రేకు మీద చేసింది, రాయి మీద చేసింది. 1920లో బార్లాక్ అనే ఆయన చేసిన వుడ్‌కట్లు చూశాక, తానూ చెక్క మీద పని మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకు యాభై దాటాయి.

వుడ్‌కట్ అంటే పెడన కలంకారీ అచ్చుకు చుట్టం అనుకోండి. చెక్కేసిన చోటు తెల్లగా మిగులుతుంది, చెక్కని చోటు సిరా పట్టి నల్లగా పడుతుంది. నలుపు, తెలుపు అంతే. మెత్తని నీడలకు చోటు తక్కువ. చెక్కింది తప్పితే మళ్లీ అతికించలేం.

ఇప్పుడు బొమ్మ చూడండి. నాయకుడు కింద ఒక తెల్లటి చారలాగా ఉన్నాడు, అంతే. మిగతాదంతా పనివాళ్లే. వంగిన వీపులు, తలలు, శవం మీద ఆనించిన ఒక పెద్ద చెయ్యి. వెనక బిడ్డనెత్తుకున్న తల్లి.

దీన్ని చూసినప్పుడల్లా నాకు 2015 ఏప్రిల్ 7 గుర్తొస్తుంది. ఇక్కడికి దగ్గర్లోనే, చంద్రగిరి వైపు శేషాచలం అడవిలో 20 మంది కూలీలను కాల్చేశారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు, వాళ్లలో చాలామంది మలయాళీ ఆదివాసులు. ఆత్మరక్షణ అన్నారు పోలీసులు. బూటకపు ఎన్‌కౌంటర్ అన్నాయి హక్కుల సంఘాలు. మన కళ్లలో మిగిలిన ఫోటో ఏంది? శవాలు, పక్కన ఎర్రచందనం దుంగలు. ఆ ఫోటో చూడగానే వాళ్లు దొంగలైపోయారు. జవ్వాది కొండల్లో ఆ శవాల మీదికి వంగిన తలలు ఎంతమంది చూశారు? కోల్విట్జ్ చెక్కింది ఆ తలలనే.

ఆమెకు సొంత దుఃఖమూ ఉంది. చిన్న కొడుకు పీటర్ 18 ఏళ్లకే యుద్ధానికి పోతానన్నాడు. తండ్రి ఒప్పుకోకపోతే తల్లే ఒప్పించింది. 1914 అక్టోబర్‌లో పిల్లోడు చనిపోయాడు. ఆ తప్పు ఆమెను వదల్లేదు. 1923లో వచ్చిన ఏడు యుద్ధ వుడ్‌కట్లలో మొదటిది, పసిబిడ్డను రెండు చేతులా పైకెత్తి అప్పగిస్తున్న తల్లి. అందులో ఎవర్నీ తిట్టలేదు. తనను తానే చెక్కుకుంది.

1933లో నాజీలు వచ్చాక ఆమెను కళా అకాడమీ నుంచి వెళ్లగొట్టారు. కానీ అచ్చు వేసిన బొమ్మను ఆపడం కష్టం. చైనాలో లూ షున్ 1936లో ఆమె బొమ్మలను పుస్తకంగా తెచ్చాడు. వాటిని చూసి అక్కడి పిల్లలు చెక్క పట్టుకున్నారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మామిడి పలకలు, ఉలులు, నల్ల సిరా తెచ్చాను. ఎర్రచందనం కాదులెండి, భయపడకండి. ప్రెస్ లేదు, గరిటె వెనకవైపుతో రుద్దుదాం. మీ ఇంట్లో ఎవరు ఎవరి కోసం ఏడ్చారో గుర్తు చేసుకుంటూ భోజనం చేయండి. తర్వాత కూర్చుందాం.